చప్టా మునుగుతుందా సార్

మా వైపు చలికాలానికి చలితో పెద్దగా పని లేదు. మా ఊళ్ళో స్వెటర్ ఉన్నవాళ్ళు ఇద్దరు, ఇద్దరూ దాన్ని ఫోటో కోసం వేసుకున్నవాళ్ళే. చలికాలమంటే మాకు వాన. దేశమంతా గొడుగులు మడిచి అటక మీద పడేసే అక్టోబరులో మేం వాటిని దించి, ఎలుకలు ఎంత మిగిల్చాయో చూసుకుంటాం.

అందుకని మా వాతావరణ గ్రూపు జులైలోనే చలికాలం పని మొదలుపెడుతుంది. బయట రోడ్డు మీది తారు చెప్పులకు అంటుకుంటూ ఉంటుంది. ఫోనులో మాత్రం డిసెంబరు తుపాను తీరం దాటుతూ ఉంటుంది. గ్రూపులో నలభై మంది ఉన్నా మాట్లాడేది నలుగురమే, మిగతావాళ్ళు పొద్దున పూలబొమ్మలు పంపడానికి ఉన్నారు. పెద్దదిక్కు ఒక రిటైరైన సైన్సు మాస్టారు. ఆయన మేడ మీద వానను కొలిచే గేజీ ఉంది. అందులో నీళ్ళు కొలవకుండా ఆయన కాఫీ తాగరు. వెంకటాచలంలో మందుల షాపు నడిపే అన్న రెండోవాడు. ఏ మ్యాపులో ఎర్రరంగు కనిపించినా మాకు పంపిస్తాడు, ఏడాదికి కనీసం ఆరు తుపానులు చెబుతాడు. మూడోవాడు తడ దగ్గర ఉండే అన్న. అరవ చానళ్ళు చూసి అక్కడి మాట ఇక్కడికి చేరవేస్తాడు. నాలుగోవాణ్ణి నేను. నా పని ఈ ముగ్గురినీ ఏడిపించడం.

ఆగస్టులో జెండా పండగ రోజు మాకో ఆనవాయితీ ఉంది. చాక్లెట్లు తిన్నాక ఎవరికి వాళ్ళు కాగితం మీద రాబోయే చలికాలం రాసి ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి. తుపానులు ఎన్ని, మొదటి గట్టి వాన ఎప్పుడు, మొత్తం మీద ఎక్కువా తక్కువా. ఎవరిది దగ్గరగా వస్తే వాళ్ళకు జనవరిలో ఒక గొడుగు బహుమానం. జనవరికి వాన ఉండదు కాబట్టి ఆ గొడుగు ఎప్పటికీ కొత్తగానే ఉంటుంది.

నిజం చెప్పాలంటే వీళ్ళందరూ తుపాను కోరుకునేవాళ్ళే. చెడ్డవాళ్ళు కారు, పిచ్చి అంతే. బంగాళాఖాతంలో ఓ మూల మబ్బు సుడి తిరిగితే ఇంట్లో మేనల్లుడు పుట్టినంత సంబరం. అది మమ్మల్ని వదిలేసి ఒడిశా వైపు పోయిందంటే గ్రూపులో ఆ పూట సంతాపం. "ఈసారి కూడా మనకు అన్యాయం జరిగిపోయింది" అని మందుల షాపు అన్న రాస్తాడు, ఎవరో పైకం ఎగ్గొట్టినట్టు.

వాళ్ళ మధ్య నేను ఎందుకున్నానో అప్పట్లో వాళ్ళకు తెలియదు. నాకు మబ్బుల మీద ప్రేమేమీ లేదు. మా అమ్మకు రెండు కిడ్నీలూ పని చేయవు. సోమవారం, గురువారం నెల్లూరు తీసుకెళ్ళి రక్తం కడిగించాలి. మా ఊరు తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు లోపలికి ఉంటుంది. ఊరికీ నెల్లూరుకీ మధ్య ఒక కాలువ, ఆ కాలువ మీద ఒక చప్టా. చప్టా అంటే వంతెన అనుకునేరు, కాదు. రోడ్డు కాలువలోకి దిగి, తడి కాళ్ళతో అవతల ఎక్కుతుంది, అంతే. శ్రీహరికోట నుంచి రాకెట్ పోతే మా మేడ మీద నుంచి నిప్పు గీత కనబడుతుంది. మా చప్టా మీద నుంచి మాత్రం అవతలి ఒడ్డు కనబడుతుంది, చేరుకోలేం.

పోయినేటికి ముందు ఏడాది పెద్ద వాన పడి ఒక రోజు చప్టా మునిగింది. ఒకే ఒక రోజు. సోమవారం కడగాల్సిన రక్తం మంగళవారం కడిగారు. ఆ ఒక్క రోజులో అమ్మ మొహం నాకు తెలియని మనిషి మొహమైంది. వెనక్కి వాలితే ఊపిరి అందక, కిటికీ కడ్డీ పట్టుకుని కూర్చుంది. ఆ రోజు నేను ఒక్క ఎకసెక్కెం కూడా ఆడలేదని చర్చిలో సాక్ష్యం చెప్పినట్టు ఇప్పటికీ అందరికీ చెబుతుంది.

ఒంట్లో నీరు ఎంత చేరిందో చూసుకోవడానికి అమ్మకు తనదైన గేజీ ఉంది. చెప్పులు. సాయంత్రం గడప దగ్గర కూర్చుని కాలు చెప్పులో పెడుతుంది. పట్టీ కింద పాదం సులువుగా దూరితే బాగున్నట్టు. బిగిస్తే నీరు చేరినట్టు. అసలు దూరకపోతే ఆ రోజు నేను కళ్ళు చూడను, చెప్పులే చూస్తాను. రోజుకు ఒక చిన్న సీసాడు నీళ్ళు, ఉప్పు లేని కూర. చెయ్యి మీద మెషీను సూదులు గుచ్చే నరం ఎప్పుడూ బుర్రుమంటూ ఉంటుంది. చిన్నపిల్లలు ఎవరైనా వస్తే వాళ్ళ వేలు దాని మీద పెట్టించి "నాకు ఫోన్ వస్తాండాది, ఎత్తమంటావా?" అంటుంది. ఈ గుణం నాకు ఎవరి నుంచి వచ్చిందని అడిగేవాళ్ళకు అదీ జవాబు.

కాబట్టి పోయినేడు ఆగస్టులో ఇంట్లో ఒక ప్రశ్న ఉండేది. అక్టోబరు నుంచి రెండు నెలలు అమ్మను నెల్లూరులో పిన్ని ఇంట్లో ఉంచాలా, వద్దా. పిన్ని ఇల్లు ఆసుపత్రికి నడిచిపోయేంత దూరం. ఒక గది, ఒక వంటగది, రోజంతా పాడే టీవీ.

"రెండు నెల్లు దాని ఇంట్లోనా?" అంది అమ్మ. "నేను నీళ్ళు తాగతా ఉంటే అది గుటకలు లెక్కబెడతాదిరా. నా కోళ్ళను ఎవరు చూస్తారు? నువ్వా? నువ్వు చూస్తే కోళ్ళే నెల్లూరికి పోతాయి."

"మరి చప్టా మునిగితే?"

"అదే గదా అడిగేది. మీ గాలోళ్ళు ఏమంటున్నారు?" మా గ్రూపుకు అమ్మ పెట్టిన పేరు అది. "వాన బలంగా ఉంటాదంటే పోదాం. లేదంటే నా ఇంట్లో నేనుంటా. నువ్వు మాత్రం ఎగతాళి లేకుండా ఒక్క మాట చెప్పు."

ఎగతాళి లేకుండా ఒక్క మాట. చిన్న కోరికే. నాన్న పోయాక ఆ ఇంట్లో అటువంటి మాటలు చెప్పాల్సినవాణ్ణి నేనే. అది నాకు చేతకాని పని అని ఇద్దరికీ తెలుసు.

నేను గ్రూపును పట్టుకుని వేలాడాను. బయటికి కనపడనివ్వలేదు గానీ, ఆగస్టు, సెప్టెంబరు రెండు నెలలూ నేను పనిచేసే ఇంటర్నెట్ సెంటర్లో జనం ఆధార్ కాగితాలు ప్రింటు తీస్తూనే, పక్క తెరలో సముద్రం వేడి మ్యాపులు చూసేవాణ్ణి. మ్యాపు ఒక రోజు నీలంగా ఉంటే ఆ రోజు అన్నం సయించేది. మర్నాడు ఎర్రబడితే నా పళ్ళెం కోళ్ళకు పోయేది. మాస్టారు ఈసారి వాన తక్కువన్నారు. మందుల షాపు అన్న ఆరు తుపానులన్నాడు. తడ అన్న "అక్కడోళ్ళు ఇంకా పేచలేదు" అన్నాడు. పేచడమంటే మాట్లాడడం. ఆ మాట మేం వాడుకలోకి తెచ్చుకున్నాం, అవసరం ఉండి కాదు, బాగుందని.

సెప్టెంబరులో ఒకరోజు ధైర్యం చేసి అడిగేశాను. నా పద్ధతిలో అడిగాను. "మాస్టారూ, మా చప్టా ఈసారి సబ్‌మెరైన్ అవుతుందా? టికెట్లు ఇప్పుడే అమ్ముకోవాలా?" ఏడు నవ్వుమొహాలు వచ్చాయి. మాస్టారు కూడా ఒకటి పెట్టారు. ఆయన నవ్వుమొహం పెట్టడం అదే మొదటిసారని అందరూ నన్ను మెచ్చుకున్నారు.

చర్చిలో వ్యవహారం వేరే రకం. పొలాలున్నవాళ్ళు నారుమళ్ళకు వాన కోసం ప్రార్థన చేయమన్నారు. అమ్మ వాన వద్దని చేయమంది. అయ్యగారు ఇరుకున పడ్డారు. కళ్ళు మూసుకుని, "ప్రభువా, కావాలన్న వారికి వానయు, వద్దన్న వారికి ఎండయు, నీ చిత్తప్రకారము దయచేయుము" అని అందరినీ ఒడ్డెక్కించారు. మందుల షాపు అన్న కంటే నమ్మదగ్గ అంచనా అనిపించింది.

అక్టోబరు మొదటి వారంలో మాస్టారు పెద్ద వ్యాసమే రాశారు. ఈ చలికాలం నీరసంగా గడుస్తుందని, చిన్న చిన్న వానలే తప్ప గట్టి తుపాను మన తీరానికి రాదని. దాన్ని నాలుగుసార్లు చదివాను. రాసినదానికంటే ఎక్కువ అందులో చూసుకున్నాను. అప్పటికి భయపడీ భయపడీ అలిసిపోయి ఉన్నాను, ఎవరైనా భయం లేదంటే చాలనిపించింది.

"తక్కువేనంటమ్మా," అన్నాను ఇంటికి వెళ్ళి. "ఉండు."

"ఎగతాళి కాదు గదా?"

"కాదు."

అమ్మ ఆ రోజే పిన్నికి ఫోన్ చేసి రావడం లేదని చెప్పింది. అవతల పిన్ని సంతోషం ఇవతలికి వినబడింది.

మాస్టారి మాట అక్షరాలా నిజమైంది. ముందు అది చెప్పాలి. అక్టోబరు చివర చిరుజల్లులు మూడు. నవంబరులో ఒక మోస్తరు వాన. తుపాను లేదు, గాలి లేదు. గ్రూపు ఏడుపు మొహం పెట్టింది. నేను ఒక్కణ్ణే హాయిగా ఉన్నాను. కాలువలో నీరు రోజూ కాస్త కాస్త పెరుగుతున్న సంగతి చూస్తూనే ఉన్నాను, కానీ మబ్బులను చూసేవాడికి కాలువ ఏం కనబడుతుంది. నవంబరు మూడో ఆదివారం చర్చి వదిలాక రెండు గంటలు వాన పడింది. "ఇదేం వాన, మా పిల్లి కూడా తడవలేదు" అని మందుల షాపు అన్న రాశాడు.

సోమవారం పొద్దున్న అమ్మను బండి మీద ఎక్కించుకుని వెళ్తే చప్టా లేదు. రోడ్డు నీళ్ళలోకి దిగింది, అటువైపు ఎక్కలేదు. మధ్యలో ఫర్లాంగు పొడవున నీరు అద్దంలా నిలబడి ఉంది. అవతల అంబులెన్సు వచ్చి ఆగింది, చూసింది, కాసేపటికి వెళ్ళిపోయింది.

ఊళ్ళోవాళ్ళు నలుగురు మంచం తెచ్చారు. మోసుకుపోదామన్నారు.

"మంచం మీద వద్దు నాయనా," అంది అమ్మ. "దారిలో చూసినోళ్ళు పూలు చల్లతారు."

చివరికి లారీ ట్యూబు మీద చెక్క కట్టి కూర్చోబెట్టారు. మధ్యకు వచ్చేసరికి నీరు నలుగురికీ గడ్డాల దాకా వచ్చింది. ఒకడి కాలి కింద రోడ్డు అంచు తప్పింది, ట్యూబు ఒరిగింది, అమ్మ నడుం దాకా తడిసింది. వెనక్కి తీసుకొచ్చేశారు. ఒడ్డున దిగి అమ్మ చీర పిండుకుంటూ, "రోజుకు ఒక సీసానే అన్నారు డాక్టరు. ఇయ్యాల లెక్క తప్పింది" అంది. అందరూ నవ్వారు. నేను అమ్మ పాదాలు చూస్తున్నాను. చెప్పులు చేతిలో ఉన్నాయి. తడిసినందుకు కాదు, దూరనందుకు.

మంగళవారం ఎండ కాసింది. అంత శుభ్రమైన ఆకాశాన్ని నేను మళ్ళీ చూడలేదు, చూసినా పలకరించను. వాన ఆగి రెండు రోజులైనా నీరు తగ్గకపోగా, నీటి అంచున నేను గుర్తుకు గుచ్చిన పుల్ల ఇంకో బెత్తెడు మునిగింది. ఎందుకో అర్థం కాలేదు. ఏడాదిగా గాలి మ్యాపులు, సముద్రం మ్యాపులు చదివినవాణ్ణి, పుల్లను చూస్తూ నిలబడ్డాను. అమ్మ ఇంట్లో కుర్చీలో నిటారుగా ఉంది. రాత్రంతా అలాగే ఉంది. మాట మధ్యలో ఊపిరికి ఆగుతోంది. కోళ్ళకు గింజలు వేశావా అన్న మూడు మాటలు రెండు విడతల్లో వచ్చాయి.

గ్రూపు తెరిచాను. చలికాలం పేలవంగా పోయిందని సంతాపం నడుస్తోంది. మాస్టారికి గొడుగు ఖాయమని అభినందనలు. "మా చప్టా మునిగింది" అని రాశాను. నవ్వుమొహాలు వచ్చాయి. "సబ్‌మెరైన్ రెడీనా?" అన్నాడు తడ అన్న. "టికెట్ ఎంత?" అన్నారు ఇంకెవరో. ఏడాది పొడుగునా నేను నాటిందే, ఇప్పుడు కోతకొచ్చింది.

మాస్టారికి ఫోన్ చేశాను. ఎప్పుడూ చేయలేదు, ఆయన గొంతు వినడం అదే మొదలు. జరిగింది కలగాపులగంగా చెప్పాను. 

"అమ్మగారి సంగతి ఎప్పుడూ చెప్పలేదే?"

"సెప్టెంబరులో అడిగాను సార్."

"అది జోకు కదయ్యా."

"అవును సార్."

 తర్వాత ఆయన క్లాసులో ప్రశ్న వేసినట్టు అడిగారు. "నీళ్ళు పారుతున్నాయా, నిలబడ్డాయా?"

"నిలబడ్డాయి సార్."

"అయితే వాన కాదు. కాలువ మొగ పూడిపోయుంటుంది. ఇంక ఆకాశం చూడమాక. పాలెం పో."

మొగ అంటే కాలువ సముద్రంలో కలిసే నోరు. ఎండాకాలమంతా అలలు ఇసుక తెచ్చి దాన్ని మూసేస్తాయి. పాలెం అంటే ఆ మొగ పక్కనే మా ఒడ్డున ఉన్న చేపలవాళ్ళ ఊరు, మాకు రెండు మైళ్ళు. వాళ్ళకూ నెల్లూరు దారి ఈ చప్టానే. దారి రొయ్యల చెరువుల గట్ల మీద. గట్టు ఒక మనిషి వెడల్పు. పరిగెత్తాను అనాలనుంది. గట్టు జారుడుగా ఉండడం వల్ల బాతులా నడిచాను.

పాలెం పెద్దకాపు, అంటే వాళ్ళ ఊరిపెద్ద, ఒక బోటు నీడలో వల బాగు చేసుకుంటున్నాడు. అరవై దాటినవాడు. అక్కడ మొగ ఎప్పుడు తెంచాలన్నది ఆయన ఇంటి ముందు కూర్చుని అందరూ కలిసి నిర్ణయిస్తారు, ఒక్కరు పోయి పార వేయడానికి లేదు.

ముందు బోటు అడిగాను. "కాలవలో వస్తే దారిలో ఉండే తూము కింద బోటు దూరదు అబ్బయా. గట్టు మీద మోస్తే గట్టు పట్టదు," అన్నాడు వల మీది నుంచి కళ్ళెత్తకుండా. "శుక్రారం మొగ కొడతాం. మాట అనుకున్నాం. నిలవ నీళ్ళలో రొయ్య దిగుండాది, ఇంకో మూడు రోజులుంటే వలలోళ్ళకు నాలుగు గింజలు. ఏం తొందరొచ్చింది?"

నోరు అలవాటు మానదు. "మా ఊరు దీవి అయిపోయింది మామా. సొంత జెండా కుట్టించుకుందామా అని చూస్తున్నాం," అన్నాను.

ఆయన గట్టిగా నవ్వాడు. పక్కన ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. మళ్ళీ వల పట్టుకున్నాడు.

 నేను బాగానే నవ్వించాను. ఇంట్లో అమ్మ కుర్చీలో నిటారుగా ఉంది. 

"మామా, మా అమ్మకు నిన్న రక్తం కడగాల్సింది. కడగలేదు. ఊపిరి ఆడతా లేదు. రేపు కూడా పోకపోతే ఉండదు."

చెప్పాను. అంత వరసగా, అంత చిన్నగా, ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

పెద్దకాపు వల కింద పెట్టాడు. "ముందు ఆ మాట గదరా చెప్పాల్సింది. జెండాలంటావు, గిండాలంటావు." లేచి ఇళ్ళ వైపు కేక వేశాడు. మనుషులు వచ్చారు. రొయ్యల మాట ఒకడు ఎత్తాడు. "నీకు అమ్మ లేదా?" అన్నాడు పెద్దకాపు, అంతటితో అయిపోయింది. నేను ఇప్పుడే కొడదామన్నాను. ఆయన సముద్రం వైపు చూశాడు.

"ఇప్పుడు పోటు మీదుండాది. ఇప్పుడు తెంచితే సముద్రమే లోపలికొస్తాది, మీ అమ్మ కుర్చీ కిందికి. తెల్లారి సముద్రం వెనక్కి తీస్తాది, అప్పుడు."

"వాన తక్కువన్నారు మామా. పడింది కూడా తక్కువే. మరి ఇట్టా ఎందుకయింది?"

"తక్కువ కాబట్టే. వాన పెద్దదైతే కాలవ ఆ పొగరుకే మొగను తన్నుకోని పోతాది, మేము పారెత్తే పన్లేదు. చిన్న వానకు ఆ బలం ఉండదు. కొంచెం కొంచెం వచ్చి ఇసక్కి తగులుకోని వెనక్కి తిరిగి ఊళ్ళమీదికొస్తాది. పెద్ద వానకు మీ చప్టా ఒక్క రోజు. చిన్న వానకు మేము కొట్టిందాకా." అని నన్ను ఎగాదిగా చూశాడు. "కాలవ పక్కన పుట్టినోడివి, నీకు తెలవదా?"

తెలవదు. నలభై మంది గ్రూపులో ఒక్కడు కూడా ఈ ముక్క జెండా పండగ కాగితం మీద రాయలేదు. మేమంతా వాన ఎంత అని చూశాం. అది ఎటు పోతుందని ఎవరూ అడగలేదు. నేను అమ్మకు ధైర్యం చెప్పిన ఆ చిన్న చలికాలమే ఆమెను కుర్చీకి కట్టేసింది.

బుధవారం తెల్లవారగానే పద్నాలుగు పారలు మొగ దగ్గర చేరాయి. ఇసుక దిబ్బ ఇంటి గోడంత ఎత్తు. లోపలివైపు కాలువ నిండు కడవలా ఉంది, బయటివైపు సముద్రం వెనక్కి తగ్గుతోంది. సముద్రం వైపు నుంచి కాలువ వైపు తవ్వుకుంటూ వచ్చారు, మనిషి పట్టేంత సందు. చివర కాలువ అంచున కొంచెం గడ్డ వదిలారు. అది తీయగానే నీళ్ళు కుళాయి ధారంత సన్నగా బయలుదేరాయి. వాటి వెంబడి నేనూ నడిచాను. సగం దూరం పోయాయో లేదో, ఒక పెద్ద అల ఎదురొచ్చి రెండు బారల ఇసుక తెచ్చి సందులో పోసి వెళ్ళింది. ధార ఆగిపోయింది.

 నేను ఇసుకలో కూర్చుండిపోయాను.  ఆ సమయంలో వేయదగ్గ పరిహాసం ఏదన్నా ఉందా అని ఇప్పటికీ వెతుకుతుంటాను. దొరకలేదు.

"ఏడిస్తే నీళ్ళు ఇంకా పెరగతాయి," అన్నాడు పెద్దకాపు నా చేతిలో పార పెడుతూ. "తవ్వు."

రెండోసారి కాస్త పక్కగా, ఏటవాలుగా తవ్వాం. చివరి గడ్డ నన్నే తీయమన్నారు. ఈసారి ధార సముద్రాన్ని అందుకుంది. అరగంటకు చేతి మందమైంది. గంటకు గోడలను తినడం మొదలుపెట్టింది, ఇసుక దబ్బు దబ్బున విరిగి పడింది. ఆ తర్వాత మేం వెనక్కి పరిగెత్తాల్సి వచ్చింది. సందు ఏరైంది. ఎర్రటి నీళ్ళు సముద్రంలోకి రోడ్డులా పోయాయి. వాటితో పాటు వలలోళ్ళ నాలుగు గింజలూ పోయాయి. ఎవరూ నా వైపు చూడలేదు. అది నేను నొచ్చుకోకూడదనేనని తెలుసు.

మధ్యాహ్నానికి చప్టా మీద నీరు ట్రాక్టరు చక్రంలో సగానికి దిగింది. ట్రాక్టరు ట్రక్కులో ప్లాస్టిక్ కుర్చీ వేసి అమ్మను కూర్చోబెట్టి, కుర్చీని నేను పట్టుకున్నాను. అవతల మందుల షాపు అన్న కారు తెచ్చుకుని నిలబడి ఉన్నాడు, మాస్టారు చెప్పారట. ఫోటోలో తప్ప ఆయన్ను నేను చూడలేదు. ఎండ మండిపోతోంది. ఆయన చేతిలో అంతకు ముందు ఏడు గెలుచుకున్న గొడుగు, దాని ప్లాస్టిక్ సంచీ అప్పుడే చించాడు. అమ్మ తల మీద పట్టాడు.

అమ్మ ఊపిరి కూడగట్టుకుని అడిగింది. "ఈయనేనా... ఏటా తుపాను రావాలనేది?"

"ఈ ఏడు వద్దులే అమ్మా," అన్నాడు ఆయన, నేల చూస్తూ.

ఆసుపత్రిలో నర్సు నన్ను తిట్టింది. ఎంత తిట్టాలో అంతా తిట్టింది, అడ్డుచెప్పలేదు. మెషీను నాలుగు గంటలు తిరిగింది. సాయంత్రానికి అమ్మ మొహం మెల్లగా అమ్మ మొహం దగ్గరికి వచ్చింది, పూర్తిగా రాలేదు. కళ్ళు తెరిచి నర్సును పిలిచి, "నాలోంచి తీసిన నీళ్ళు యాడ పోస్తారమ్మా? మా కాలవలో మాత్రం పొయ్యమాకండి," అంది.

ఆ మూడు రోజుల తర్వాత అమ్మ మునుపటి అమ్మ కాలేదు. గుండె కాస్త దెబ్బతిందన్నారు. ఇప్పుడు వారానికి మూడుసార్లు కడగాలి. చెప్పులు ఒక సైజు పెద్దవి కొన్నాం. గేజీ మార్చినట్టేనని, పాత లెక్కలతో పోల్చకూడదని మాస్టారు అన్నారు.

మాస్టారు జనవరిలో గెలిచారు గానీ గొడుగు తీసుకోలేదు.

ఇది ఆగస్టు. మొన్న జెండా పండగ అయింది. ఈ ఏడు వాన దంచేస్తుందని మందుల షాపు అన్న, కాదు మామూలేనని తడ అన్న. కాగితాలన్నీ వచ్చాయి, నాది తప్ప. నేను ఒక్క వాక్యం రాశాను. "మా చప్టా మునుగుతుందా సార్?" ముందూ వెనకా ఏమీ పెట్టలేదు. ఒక్క నవ్వుమొహం రాలేదు.

సాయంత్రానికి మాస్టారు జవాబిచ్చారు. "తెలియదయ్యా. వాన గురించి ఏదో ఒకటి చెప్పగలను. మీ చప్టా గురించి నాకు తెలియదు. ఎవరికీ తెలియదు."

అమ్మ గడప దగ్గర కొత్త చెప్పులో కాలు పెట్టి చూసుకుంటోంది. "ఏమంటున్నారు మీ గాలోళ్ళు?"

"తెలీదంటమ్మా."

అమ్మ తలెత్తింది. చాలాసేపు నా వైపు చూసింది. కోపం కాదు. కోపమైతే నేను తట్టుకునేవాణ్ణి.

"ఈ మాట పోయినేడు చెప్పుంటే పొయ్యేదాన్ని గదరా," అంది. "తక్కువన్నావు కాబట్టి ఉన్నా. తెలీదంటే ఎవురన్నా ఉంటారా?"

 పక్కన కూర్చున్నాను. కాలు చెప్పులోంచి తీయడానికి సాయం పట్టాను. పట్టీ కింద గీత పడి ఉంది.

"పిన్నికి ఫోన్ చెయ్యి," అంది అమ్మ కాసేపటికి. "వచ్చే నెలే వస్తానని చెప్పు. కూరలో ఉప్పు వెయ్యొద్దని మళ్ళీ చెప్పే పన్లేదులే. ఎట్టాగూ దాని వంటలో ఉండదు."

నేను ఫోన్ కలిపాను. అవతల టీవీ మోగుతోంది.